పదికి పది

మా ఆయనకు ఇది ఏ నెలో తెలుసో లేదో కనుక్కోవడం జాయ్సీ సిస్టర్ ఉద్యోగం. విజయవాడ ఆసుపత్రిలో కూర్చుని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వీడియో కాల్ చేస్తుంది. ఆ ఫోను ఆయన మొహానికి ఎదురుగా పట్టుకుని కదలకుండా నిలబడడం నా ఉద్యోగం. కదలకుండా నిలబడడం నా వల్ల అయ్యే పని కాదని తాడేపల్లిగూడెంలో మా వీధిలో ఎవర్ని అడిగినా చెబుతారు. అయినా నిలబడేదాన్ని. ఏం చేస్తాను మరి.

"ఇది ఏ సంవత్సరమండీ, మురళి గారూ?"

"రెండు వేల ఇరవై అయిదు."

"ఏ నెల?"

"నవంబరు."

"ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నారండీ?"

"ఏలూరు. పవర్‌పేట. నిర్మల టీచరు గారి మేడ మీద."

"అంత అక్కర్లేదండీ, ఊరు చాలు" అని సిస్టర్ నవ్వేది.

తర్వాత ఆసుపత్రి పేరు చెప్పాలి. సిస్టర్ మూడు వస్తువులు చూపిస్తే అవేంటో చెప్పాలి. రెండు వేళ్ళు చూపించమంటే చూపించాలి. కాగితం మీద ఒక వాక్యం రాసి కెమెరాకు పెట్టాలి. ఆఖర్న వందలోంచి పదేసి తగ్గించుకుంటూ కిందకు రావాలి. మొత్తం పది మార్కులు. మొదటి రోజు నుంచీ ఆయనకు పదికి పది. కాల్ అవ్వగానే మా అత్తయ్య మంగాయమ్మ, ఊళ్ళో చెరువు కాపలా ఉన్న మామయ్యకు ఫోన్ చేసి "ఇవాళ కూడా పదికి పదండీ" అని చెప్పేది. కొడుకు బళ్ళో చదివినన్నాళ్ళూ ఆ ముక్క చెప్పుకునే రాత ఆవిడకు లేకపోయిందట.

ఇదంతా ఏమిటో మొదటి నుంచి చెబుతాను. మా ఆయన చేపపిల్లల వ్యాను నడుపుతారు. హేచరీలో పిల్లల్ని ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో కట్టించుకుని, కొల్లేటి చుట్టూ ఉన్న చెరువులకు చేర్చడం పని. కిందటేడు మెడ పక్కన గడ్డలు లేచాయి. లింఫోమా అన్నారు, రక్తంలో ఒక రకం కణాలకు వచ్చే క్యాన్సర్. కీమో ఇచ్చారు, పోయింది. మళ్ళీ వచ్చింది. ఇంకో రకం కీమో ఇచ్చారు. జుట్టు పోయింది గానీ గడ్డలు పోలేదు. ఇక చేసేదేం లేదని ఎవరో ఒకరు ఎప్పుడు చెబుతారా అని నేను ఆసుపత్రి వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతుంటే, డాక్టరు పద్మప్రియ గారు అత్తయ్యనూ నన్నూ పిలిచి కూర్చోబెట్టారు. కొత్త వైద్యం ఒకటి ట్రయల్ కింద చేస్తున్నామని, ఖర్చు మాకేమీ పడదని, నయమవుతుందని మాత్రం మాట ఇవ్వలేనని చెప్పారు.

"మనందరి ఒంట్లో కాపలా కాసే కణాలుంటాయమ్మా. మురళి ఒంట్లో ఉన్నవి జబ్బు కణాల్ని గుర్తుపట్టడం లేదు. వాటిని బయటకు తీసి, గుర్తుపట్టడానికి కావలసిన జన్యువు వాటిలో పెట్టి, కోట్లలో పెంచి మళ్ళీ మురళికే ఎక్కిస్తాం. ఆయన కణాలే ఆయనకు మందు."

"జన్యువు ఎలా పెడతారండీ? సూదితోనా?"

"వైరస్‌తో. ఎయిడ్స్ తెచ్చే వైరస్ ఉంది కదా, దాన్నుంచి తయారు చేసిందే."

నేను కుర్చీలోంచి లేచిపోయాను. ఇదెక్కడి వైద్యమండీ, సినిమాలో చూపిస్తే కూడా జనం నవ్విపోతారు అని ఆవిడ మొహానే అనేశాను. పద్మప్రియ గారు ఏమీ అనుకోలేదు. హాని చేసే భాగాలన్నీ తీసేస్తారనీ, జన్యువును మోసుకెళ్ళి కణం లోపల పెట్టే పని ఒక్కటే దానికి మిగులుతుందనీ నిదానంగా చెప్పారు.

అత్తయ్య అంతా విని, "అంటే చేపను పొట్ట తీసి కడిగినట్టు కడిగేశారన్నమాట" అంది.

"అంతేనండి" అన్నారు డాక్టరు గారు.

"అయితే ఇంకేం" అని అత్తయ్య సంచి సర్దుకుని లేచింది. ఆవిడ అనుమానం అక్కడితో తీరిపోయింది. నాకు మాత్రం ఆ వారమంతా కంటి మీద కునుకు లేదు.

ఆయన్ను ఒక మిషను పక్కన పడుకోబెట్టి, ఒక చేతిలోంచి రక్తం తీసి, కావలసిన కణాలు వడగట్టుకుని, మిగతా రక్తాన్ని రెండో చేతిలోకి ఎక్కించారు. ఆ కణాలు పెట్టెలో పెట్టి విమానంలో బొంబాయి పంపించారు. ఆయన జన్మలో విమానం ఎక్కలేదు, ఆయన కణాలు ఎక్కాయి. అవి అక్కడ తయారవుతున్నన్ని రోజులూ మేం కొల్లేటి లంకలో మా ఊళ్ళో కూర్చుని ఎదురు చూడడం. చెరువు గట్టు మీద ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు. జాయ్సీ సిస్టర్‌కు ఫోన్ చేసి "మా కణాలు ఎలా ఉన్నాయండీ, పెరుగుతున్నాయా?" అని అడిగేదాన్ని. సరిగ్గా పెరగకపోతే ఏమవుతుందని ఒకసారి అడిగాను. మళ్ళీ తీసి మళ్ళీ పంపాలని చెప్పింది. అంతవరకు ఈయన ఆగుతారా అని అడగబోయి నోరు మూసుకున్నాను. గడ్డలు అప్పటికి మెడ చుట్టూ పాకి, చొక్కా కాలరు గుండీ పట్టేది కాదు.

ఆఖరికి వచ్చాయి. పాలక్యాను లాంటి ఉక్కు డబ్బా, మూత తీస్తే తెల్లటి పొగ. లోపల ఒక చిన్న సంచి. ఆయన దాన్ని చూసి, "సీడు వచ్చిందండీ. సంచి కాసేపు నీళ్ళలో ఆనించి వదులుతారా, డైరెక్టుగా వదిలేస్తారా?" అని అడిగారు. సీడంటే చేపపిల్లలు. ఆ సంచిని చెరువు నీళ్ళలో కాసేపు తేలనిచ్చి, వేడి సమానమయ్యాక గాని మూతి విప్పరు. "గోరువెచ్చటి నీళ్ళలో కరిగించే ఎక్కిస్తామండీ" అని సిస్టర్ చెప్పింది. ఆయన తృప్తిగా చెయ్యి చాపారు. ఎక్కించడానికి పట్టింది టీ కాచుకునేంత సేపు. గదంతా ఉడకబెట్టిన మొక్కజొన్న వాసన వేసింది, కణాలు పాడవకుండా కలిపిన మందుదట. ఇంతేనా అనిపించింది నాకు. ఇంత దూరం వచ్చి, ఇంతేనా.

తర్వాత జ్వరం ముంచుకొచ్చింది. ఆయన వణికిపోతుంటే డాక్టరు గారి మొహం కాస్త తేటపడింది. కణాలు పనిలోకి దిగాయని గుర్తట. నాకు ఆవిడ మీద ఒళ్ళు మండింది. కానీ జ్వరం దిగేసరికి మెడ మీద పెద్ద గడ్డ మెత్తబడింది. నేను రోజుకు పదిసార్లు దాన్ని తడిమి చూసేదాన్ని. "అదేమైనా మామిడిపండా, అలా నొక్కుతావు" అనేవారు ఆయన.

ఆసుపత్రి నుంచి పంపించే ముందు పద్మప్రియ గారు అత్తయ్యనూ నన్నూ ఎదురుగా నిలబెట్టుకుని గట్టిగా చెప్పారు. కణాలు జబ్బుతో కలబడేటప్పుడు రేగే వాపు కొందరికి మెదడు దాకా పోతుంది. ముందు చిన్న చిన్నవి తప్పుతాయి. ఒక పేరు, ఒక లెక్క, చేతిరాత. అప్పుడే తెలిస్తే ఆపడానికి మందుంది. తెలియకపోతే ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదకు వస్తుంది. అందుకే రోజూ ఈ ప్రశ్నలు. పిలవగానే వచ్చి పడేంత దగ్గరలో ఉండాలి, వానొస్తే రోడ్డు మునిగిపోయే లంకకు పంపేది లేదన్నారు. అలా ఏలూరులో నిర్మల టీచరు గారి మేడ మీద చేరాం. నేను కిందకీ పైకీ దిగుతూ ఎక్కుతూ ఉంటే, "మమతా, మెట్లు అరిగిపోతాయమ్మా" అనేవారు టీచరు గారు.

మొదట్లో బాగానే ఉన్నారు. వ్యాను గురించి మాట్లాడేవారు, నా వంటకు వంకలు పెట్టేవారు. తర్వాత ఉన్నట్టుండి మాటలు తగ్గిపోయాయి. ఒక పొద్దున స్నానానికి వెళ్తూ "ఆ సంచి ఇలా ఇవ్వు" అన్నారు. ఆయన వేలు చూపిస్తున్నది తువ్వాలును. "తువ్వాలా?" అన్నాను. "అదే" అన్నారు చిరాగ్గా.

అత్తయ్యతో చెబితే, "నిద్ర చాలక అలా అన్నాడులే" అంది. నేను ఊరుకోలేక సిస్టర్ కాల్ కోసం గంటలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఆ పూట పదికి పది వచ్చింది. నా అనుమానమే తప్పనుకుని, ఆ సాయంత్రం ఆయనకు ఇష్టమని వంకాయ కూర చేశాను. తినకుండా కలుపుతూ కూర్చున్నారు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ పొద్దుటి నుంచీ కాల్‌లో ఆయన నన్ను గాని ఫోను గాని చూడడం మానేశారు. సిస్టర్ ప్రశ్న అడగ్గానే ఆయన కళ్ళు నా భుజం మీంచి వెనక్కి పోయేవి. కాసేపు అక్కడే ఉండేవి. అప్పుడు జవాబు చెప్పేవారు. "ఎటు చూస్తున్నారండీ, ఫోను ఇక్కడుంటే" అని విసుక్కునేదాన్ని. నా వెనక గుమ్మం ఉంది, గుమ్మం అవతల బాల్కనీ, అక్కణ్ణుంచి రైళ్ళు కనిపిస్తాయి. రైలు కోసం చూస్తున్నారేమో అనుకున్నాను. రాసిన వాక్యం కూడా ఒక పక్కకు జారిపోతోంది. కొంచెం నీటుగా రాయండి అని సిస్టర్ ఒకసారి అంది. ఆయన రాత ఎప్పుడూ కోడి కెలికినట్టే ఉంటుందని నేనూ నవ్వాను.

మర్నాడు సాయంత్రం సిస్టర్ చేతి వాచీ విప్పి చూపించింది. ఆయన వెనక బీరువా అద్దంలో ఫోను తెర గుమ్మం దాకా కనబడుతుంది.

"ఇదేంటండీ?"

ఆయన కళ్ళు నా వెనక్కి వెళ్ళాయి. కాసేపు ఆగి, "గాజులు" అన్నారు.

"ఏంటండీ?"

"గాజులు" అన్నారు మళ్ళీ. ఈసారి ధీమాగా.

నేను వెనక్కి తిరిగాను. అత్తయ్య గుమ్మంలో నిలబడి ఉంది. ఎడమ చెయ్యి పైకెత్తి, మణికట్టు మీద కుడిచేతి వేలితో కొట్టి చూపిస్తోంది. ఆ మణికట్టుకు వాచీ లేదు, గాజులున్నాయి. నన్ను చూడగానే చెయ్యి దించేసింది.

"ఎగతాళికి అన్నాడమ్మా" అంది ఫోనుకు వినబడేలా. "మావాడు చిన్నప్పటి నుంచీ అంతే."

సిస్టర్ నవ్వలేదు. "లైను కట్ చెయ్యకండి, ఒక్క నిమిషం" అని నేను ఫోను మంచం మీద పెట్టేశాను.

చెరువుల మీద నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతుంటే మనిషి గొంతు వినబడదు. గట్టు మీద ఉన్నవాళ్ళూ, మేత పడవలో ఉన్నవాళ్ళూ చేతులతోనే మాట్లాడుకుంటారు. ఎన్ని బస్తాలు, ఏ మూలకు పోవాలి, ఎప్పుడు ఆపాలి, అన్నీ చేతులే. చేపపిల్లల్ని లెక్కపెట్టేటప్పుడు ప్రతి పదికీ ఒక్కో వేలు ముడుస్తారు. అత్తయ్య గట్టు మీద నిలబడి, పడవలో ఉన్న కొడుకుతో అలా మాట్లాడడం నేను పెళ్ళయిన కొత్తలో నోరు తెరుచుకుని చూసేదాన్ని. వాళ్ళిద్దరికీ అది మాట కంటే ముందొచ్చిన భాష.

"ఎప్పటి నుంచి చేస్తున్నారు ఇది?"

"ఏది?"

"అత్తయ్యా."

ఆవిడ గోడ వైపు చూసింది. "నిన్న పొద్దున్న ఊరి పేరు దగ్గర ఆగిపోయాడు. నోటి దాకా వచ్చి రావడం లేదు పాపం. ఒక్క ముక్క అందించాను. తప్పేంటమ్మా? మిగతావి వాడే చెప్పాడు."

"ఆయన సొంతంగా చెప్పినవి ఎన్ని?"

ఆవిడ తన చేతుల వైపు చూసుకుంది.

"ఎన్ని, అత్తయ్యా?"

"వేళ్ళు ముడిచి చూపిస్తే లెక్క బాగానే చెబుతున్నాడు" అంది చిన్నగా.

"మీరు మీ కొడుకును చేజేతులా చంపుకుంటున్నారు" అన్నాను. అనకూడని మాటే. అప్పుడు అంతకంటే చిన్న మాట నాకు దొరకలేదు.

అత్తయ్య మొహం ఎర్రబడింది. ఆవిడ గొంతు పెంచగా వినడం నాకు అదే మొదటిసారి. "నువ్వు గూడెం నుంచి వచ్చావు, నీకేం తెలుసు? అడిగినవాళ్ళకు సరిగ్గా జవాబు చెప్పకపోతే ఏమవుతుందో నేను చూశాను. కొల్లేట్లో గవర్నమెంటు వాళ్ళు చెరువులు కొట్టేసిన ఏడాది, పరిహారానికి పేర్లు రాసుకుపోవడానికి ఎవరో వచ్చారు. ఎన్నాళ్ళుగా ఇక్కడుంటున్నారని మీ మామయ్యను అడిగారు. ఆయన మంచితనానికి పోయి, మధ్యలో కొన్నాళ్ళు మా అక్కగారి ఊళ్ళో ఉన్నామండీ అన్నారు. అంతే. పక్కింటి వాళ్ళ పేరు వచ్చింది, ఎదురింటి వాళ్ళ పేరు వచ్చింది, మాది రాలేదు. వీళ్ళూ అలాగే ట్రయలంటున్నారు, మార్కులంటున్నారు. తప్పు చెబితే ఈ మనిషి పనికిరాడని పేరు కొట్టేసి ఆ వైద్యం ఇంకొకళ్ళకు చేస్తారు. అప్పుడు వాణ్ణి ఎక్కడికి తీసుకెళ్తావు?"

డాక్టరు గారు ఇద్దరికీ ఒక్కసారే చెప్పారు. నేను విన్నది జబ్బు గురించి. ఆవిడ విన్నది పరీక్ష గురించి. ఆవిడ బతికిన బతుకులో, అడగడానికి వచ్చినవాడు మేలు చెయ్యడానికి వచ్చినట్టు ఎప్పుడూ లేదు.

మేం ఇలా అరుచుకుంటుంటే ఆయన ఎవరినీ చూడడం లేదు. తిరుగుతున్న ఫ్యాను రెక్కల్ని చూస్తున్నారు. నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది అదే. మామూలు రోజయితే మా ఇద్దర్నీ కలిపి ఒక కసురు కసిరేవారు.

మంచం మీద ఫోనులోంచి సిస్టర్ గొంతు వినిపించింది. "అమ్మగారూ, నేను జాయ్సీనండీ. అంతా విన్నాను. ఎవరి పేరూ కొట్టెయ్యమండీ. తప్పు చెబితేనే ఆయనకు మందు ఇస్తాం. తప్పు దాచేస్తే ఆయనకు ఏమవుతోందో నాకు ఇక్కడ ఎలా తెలుస్తుందండీ?"

"నిజంగానేనా అమ్మా?"

"దేవుడి సాక్షిగా చెబుతున్నానండీ. మొదటి నుంచి మళ్ళీ అడుగుతాను. మీరు కాసేపు బయట ఉంటారా?"

అత్తయ్య కదల్లేదు. "బయటకొద్దు సిస్టర్" అన్నాను నేను. "ఇక్కడే ఉంటారు. కళ్ళారా చూడాలి." కుర్చీ లాగి ఆయన పక్కన వేసి ఆవిడను కూర్చోబెట్టాను. చేతులు ఒళ్ళో పెట్టుకోమన్నాను. నా కోపం ఇంకా దిగలేదు.

"మురళి గారూ, ఇది ఏ సంవత్సరమండీ?"

"రెండు వేల" అన్నారు. ఆగారు. "రెండు వేల" అన్నారు మళ్ళీ.

"పర్వాలేదండీ. ఏ నెల?"

"వానలు."

"ఏ ఊళ్ళో ఉన్నారు?"

ఆయన కళ్ళు గుమ్మం వైపు వెళ్ళాయి. అక్కడెవరూ లేరు. గదంతా వెతికి అత్తయ్య దగ్గర ఆగాయి. మొహం మీద కాదు, చేతుల మీద. ఆ రెండు చేతులూ ఒళ్ళో ఒకదాన్నొకటి నలిపేసుకుంటున్నాయి. ఆయన ఎదురు చూస్తూనే ఉన్నారు, ఇప్పుడో ఇంకాసేపటికో ఆ చేతులు ఏదో ఒకటి చెబుతాయని. అవి చెప్పలేదు.

"వంద నుంచి పది తగ్గించుకుంటూ చెప్పండి."

"వంద" అన్నారు. "వంద. వంద."

సిస్టర్ గొంతు మారింది. మార్కుల్లో లేని ప్రశ్న ఒకటి అడిగింది. "మీ పక్కన కూర్చున్నావిడ ఎవరండీ?"

ఆయన తల తిప్పి అత్తయ్యను చాలాసేపు చూశారు. మర్యాదగా నవ్వారు.

"టీచరు గారు" అన్నారు.

అత్తయ్య పెదవులు విడిపడ్డాయి. అమ్మను రా అనే మాట ఆ నోటి చివర నిలబడి ఉండడం నాకు కనబడింది. ఆవిడ పెదవి పంటితో నొక్కిపట్టింది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నా తుడుచుకోలేదు, తుడుచుకుంటే చెయ్యి లేపాలి కదా. లేపలేదు. నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. ఆ పని నా వల్ల అయ్యేది కాదు.

"బయల్దేరండి" అంది సిస్టర్. "వెంటనే."

నిర్మల టీచరు గారి అబ్బాయి నెల్సన్ కారు తీశాడు. వెనక సీట్లో ఆయన తల అత్తయ్య ఒళ్ళో ఉంది. హైవే మీద లారీల వెనక లారీలు. హనుమాన్ జంక్షన్ దగ్గర ట్రాఫిక్ ఆగిపోతే నేను తలుపు తీసుకుని దిగి ముందుకు పరిగెత్తబోయాను. నెల్సన్ "ఎక్కండి అక్కా, నడిచి వెళ్తారా విజయవాడకు" అని కసిరాడు. ఎక్కాను. గన్నవరం దాటాక అత్తయ్య ఒక్కటే అడిగింది.

"నిన్ననే చెప్పి ఉంటే నిన్ననే మందు ఇచ్చేవారా?"

ఇచ్చేవారు. ఆ మాట నా నోటితో అనలేక కిటికీ వైపు తిరిగాను. ఆవిడకు జవాబు అందింది.

ఆసుపత్రి గుమ్మం దగ్గర స్ట్రెచర్ పెట్టుకుని సిస్టర్ నిలబడి ఉంది. దాని మీద పడుకోబెడుతుండగానే ఆయన కుడి చెయ్యి దానంతటది కొట్టుకోవడం మొదలుపెట్టింది. లోపలికి తీసుకుపోయారు. పద్మప్రియ గారు బయటకు వచ్చి స్టెరాయిడ్ మొదలుపెట్టామన్నారు. మెదడులో వాపును అది అణుస్తుంది. కానీ మరీ ఎక్కువైతే, అంత కష్టపడి తెప్పించిన కణాల్నే నీరసింపజేస్తుంది. తక్కువైతే మనిషి దక్కడు.

"మరి ఎంతిస్తారండీ?"

"చూసుకుంటూ ఇవ్వాలమ్మా. ఆయన ఎలా ఉన్నాడో క్షణక్షణం తెలియాలి నాకు" అన్నారు. నన్ను కాదు, నా వెనక గోడకు ఆనుకుని ఉన్న అత్తయ్యను చూస్తూ అన్నారు. తిట్టలేదు. తిట్టి ఉంటే ఆవిడ ప్రాణానికి కాస్త సుఖంగా ఉండేదేమో.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో సరిగ్గా చెప్పలేను. ఆ వరండా నాకు అలవాటే కాబట్టి తిరిగాను. అత్తయ్య ఐసీయూ తలుపు ఎదుట బల్ల మీద కూర్చుంది. తినలేదు, మాట్లాడలేదు, కన్నీరు కూడా పెట్టలేదు. నేను టీ తెచ్చిస్తే గ్లాసు చల్లారే దాకా పట్టుకుని పక్కన పెట్టేసేది. ఆవిడ మీద జాలి, కోపం రెండూ ఉన్నాయి నాకు. ఒకటి తగ్గితే ఇంకోటి లేచేది. ఆయన పోతే ఈవిడను జన్మలో క్షమించలేనని ఒకసారి అనిపించింది. ఆయన పోతే నాకు మిగిలేది ఈవిడేనని వెంటనే అనిపించింది.

మూడో పొద్దున ఆయన కళ్ళు తెరిచి, నన్ను చూసి, "మమతా, ఇక్కడ మంచి టీ దొరకదా?" అన్నారు. నేను ఏడుస్తూనే తిట్టాను. ఏమని తిట్టానో గుర్తులేదు.

సిస్టర్ పరుగున వచ్చింది. అత్తయ్యను కూడా పిలిచాను. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడింది. మంచం తలవైపు ఎత్తి, సిస్టర్ ప్రశ్నలు మొదలుపెట్టింది. సంవత్సరం చెప్పారు. నెల చెప్పారు. ఊరు విజయవాడ అన్నారు, ఆసుపత్రి పేరు చెప్పారు. వస్తువులు మూడూ చెప్పారు. రెండు వేళ్ళు చూపించారు. రాసిన వాక్యం కుదురుగా ఉంది. ఒక్కో జవాబుకూ నా గుండె మీంచి ఒక్కో రాయి దిగుతోంది. ఇక లెక్క.

"వంద" అన్నారు. "తొంభై. ఎనభై. అరవై. యాభై. నలభై..." ఆగకుండా సున్నా దాకా వచ్చేశారు.

నేను దండం పెట్టుకున్నాను. సిస్టర్ కళ్ళు తుడుచుకుని, రాయడానికి పెన్ను అందుకుంది.

"డెబ్భై చెప్పలేదండీ వాడు."

ముగ్గురం గుమ్మం వైపు తిరిగాం. అత్తయ్య తలుపు పట్టుకుని ఉంది. ఎన్నాళ్ళో మాట్లాడని గొంతు, బొంగురుపోయింది.

"ఎనభై తర్వాత అరవై అన్నాడు. డెబ్భై రాలేదు. ఆ తప్పు రాసుకోండి సిస్టరు గారూ. డాక్టరు గారికి చూపించండి."

సిస్టర్ ఒక్క క్షణం ఆవిణ్ణి చూసి, "అవునండీ, రాలేదు" అని తొమ్మిది వేసింది.

ఆయనకు జరిగినదేదీ తెలియదు. చిన్నపిల్లాడిలా మొహం పెట్టారు. "ఒక్కటేగా అమ్మా, వదిలెయ్యొచ్చుగా. అసలు నువ్వు ఎవరి తరఫు?"

"నీ తరఫే రా" అంది అత్తయ్య. అని ఆ గుమ్మంలోనే కూలబడి, అన్ని రోజులుగా ఆపుకున్నదంతా ఏడ్చింది. నేను వెళ్ళి ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాను.